ముందు ఆ ఆరు కంతుల సంగతి చూడండి

ప్రశ్న: తిరుపతి కొర్లగుంటలో ఉంటాను. మా చెల్లెలి భర్త నడిపిన చీటీ పద్నాలుగో నెలలో మునిగింది. ఆయన ఐపీ పెట్టి ఊరొదిలాడు. అప్పట్నుంచి మా వీధిలో వంద రూపాయల చేబదులు కూడా పుట్టడం లేదు. దీని మీద నవల మొదలుపెట్టాను. పేర్లు మారిస్తే చాలా? చెల్లెలు బాధపడుతుందేమో! అమ్మ మాత్రం ఆయన్ని కాణిపాకంలో ప్రమాణం చేయించాలంటోంది. - ఒక సోదరి

జవాబు: పేర్లు మార్చినా మీ వీధివాళ్లు రెండో పేజీలోనే పోల్చుకుంటారు. చెల్లెలు అలుగుతుంది, దీపావళికి మాట్లాడుతుంది. అది వదిలేయండి.

మీరు పంపిన మొదటి అధ్యాయం చదివాను. అందులో మోసపోయి ఏడ్చేది మీరే. పూలమ్మే ఎదురింటి పెద్దమ్మకు దక్కింది ఒక్క ముక్క: 'నన్ను చూస్తే తలుపు వేసుకుంటుంది.' ఉత్తరం చివర్లో మాత్రం ఆమెను చేర్చింది మీరేననీ, మీ చీటీ రెండో నెలలోనే ఎత్తుకున్నారనీ రాశారు.

లక్ష చీటీ, ఇరవై మంది, నెలకు 5,000. ఎత్తుకున్న మీ దగ్గర ఇంకా ఆరు కంతులు, అంటే 30,000 ఉండిపోయాయి. ఆమె మూరల లెక్కన పూలమ్మి పద్నాలుగు నెలలు కట్టింది, పైసా ఎత్తలేదు. మునిగింది ఎవరమ్మా?

రిజిస్ట్రేషన్ లేని చీటీ నడపడం 1982 చట్టం ప్రకారం నేరం. మీ మరిది సంగతి పోలీసులు చూసుకుంటారు. ఎత్తుకున్నవాళ్లు చివరిదాకా కడతారన్న నమ్మకం మీదే ఏ చీటీ అయినా నడుస్తుంది. ఆయన పోగానే మీలాంటివాళ్లంతా కట్టడం మానేశారు. చేబదుళ్లు ఆగింది అక్కడే అని నా అనుమానం. పారిపోయినవాడు కళ్లకు కనబడడు, మీరంతా రోజూ కుళాయి దగ్గర ఎదురుపడుతున్నారు.

కాణిపాకం కోనేట్లో మునిగి వినాయకుడి ముందు అబద్ధమాడాలంటే మన వైపు ఎంత మొండివాడైనా జంకుతాడు. ఆయన ఎటూ రాడు. మీరు వెళ్లగలరా?

మీ ఆయనకు చెప్పి, ఈ ఆదివారం పెద్దమ్మ పూలు కట్టుకునే వేళకు వెళ్లండి. ఐదు వేలతో మొదలుపెట్టినా ఫర్వాలేదు. ఎత్తుకోని మిగతావాళ్లకూ ఆ డబ్బులో వాటా లేదా అంటారేమో. ఉంది, కానీ మీ ముఖం చూసి చేరింది ఈమె, ముందు ఈమెకే. తలుపు తీయకపోతే మర్నాడు మళ్లీ వెళ్లండి. డబ్బు మాత్రం పిల్లల చేత పంపకండి.