పేరున్నవాళ్ల ఖాతాలో జమ

క్యాసెట్ల కొట్టు కబుర్లు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పోయిన నెల ఒక పాఠకుడు ‘తెలుగులో ఓవర్‌రేటెడ్ గాయకుడు ఎవరు?’ అని అడిగితే, ‘ఘంటసాల గారిని మనం విన్నదానికంటే పొగిడింది ఎక్కువ’ అని ఒక్క ముక్కలో జవాబు రాశాను. చాలా తెలివిగా రాశాననుకున్నాను. మొన్న పత్రిక ఆఫీసు కుర్రాడు ఉత్తరాల కట్ట తెచ్చి బల్ల మీద పెట్టి, ‘ఈసారి కొత్త ప్రశ్నలేం వద్దండీ, వీటికి సమాధానం చెప్పండి చాలు’ అన్నాడు. సరే, చెబుతాను. ముందే ఒక మాట. నేను సంగీతం నేర్చుకోలేదు. గుంటూరు బ్రాడీపేట నాలుగో లైనులో 1983లో కొట్టు తెరిచి, 2005లో మూసేదాకా క్యాసెట్లలో పాటలు ఎక్కించి బతికాను. ఎవరు ఏ పాట అడిగారో, ఎవరి పేరు చెప్పి అడిగారో, అంతవరకే నా జ్ఞానం.

ప్రశ్న: ఘంటసాలను ఓవర్‌రేటెడ్ అనడానికి మీకు నోరెలా వచ్చింది? అసలు మీకు చెవులున్నాయా?
– ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: మాస్టారూ, ఆ మాట నేననలేదు. వినకుండా పొగుడుతున్నాం అన్నాను. కొట్టులో రోజూ చూసిందే అది.

అప్పట్లో జనం తెల్లకాగితం మీద పాటల లిస్టు రాసుకొచ్చేవాళ్లు. అరవై నిమిషాల క్యాసెట్‌కు పదహారో పదిహేడో పాటలు పట్టేవి. కాగితం పైన ‘ఘంటసాల పాటలు’ అని రాసి కింద గీత కొట్టి ఉండేది. చదువుకుంటూ పోతే నాలుగోది ‘వివాహ భోజనంబు’. పాడింది మాధవపెద్ది సత్యం. ఏడోది ‘ఓహో గులాబి బాలా’. అది పి.బి.శ్రీనివాస్. పదకొండోది ‘తెలుసుకొనవె యువతి’. అది ఎ.ఎం.రాజా. కొత్తలో ‘ఇవి ఆయనవి కావండీ’ అని చెప్పేవాణ్ణి. ఒకాయన ‘ముప్పై ఏళ్లుగా వింటున్నాను, నువ్వు నాకు చెబుతావా’ అని లిస్టు లాక్కుని పక్క వీధి కొట్టుకు పోయాడు. బేరం పోయింది. ఆ దెబ్బతో నోరు కట్టేసుకున్నాను. ఎవరేం రాసుకొస్తే అదే ఎక్కించి, కార్డు మీద స్కెచ్ పెన్నుతో ‘ఘంటసాల హిట్స్’ అని గుండ్రంగా రాసిచ్చాను. నా చేతిరాత బాగుంటుందని పేరు కూడా వచ్చింది.

కొన్నాళ్లకు పొన్నూరు వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. పంచె, చేతిసంచి, సంచిలో నేను ఎక్కించిన క్యాసెట్టే. కొడుకు కొనిచ్చాడట. కార్డు నా ముందు పెట్టి వేలితో చూపించి, ‘ఈ నాలుగో పాట ఎవరిది?’ అన్నాడు. సత్యం గారిదన్నాను. ‘తెలిసే రాశావా?’ అన్నాడు. ఏం చెప్పను, తెలిసే రాశాను. మాధవపెద్ది సత్యం గారిది పొన్నూరు దగ్గర బ్రాహ్మణకోడూరు. ‘మా పక్క ఊరాయన పాట తీసుకెళ్లి ఇంకొకరి ఖాతాలో జమ చేస్తే ఎట్లా?’ అన్నాడు. అక్కడే నిలబడి కార్డు మార్పించుకున్నాడు. కొత్త కార్డుకు డబ్బులిస్తానన్నాడు. తీసుకోబుద్ధి కాలేదు.

ఆయన వెళ్లాక ఇంకో సంగతి తట్టింది. 1957లో వచ్చిన ‘మాయాబజార్’కు సంగీత దర్శకుడు ఘంటసాలే. కావాలంటే తనే పాడుకోవచ్చు. ఎస్వీ రంగారావు గారి ఘటోత్కచుడికి మాత్రం సత్యం గారి చేతే పాడించారు. ఆ నవ్వూ ఆ ఆకలీ ఆ గొంతులో ఉన్నాయి కాబట్టే. ఈ పాట నాది అని ఆయన అనలేదు, ఆయన భక్తులు అంటున్నారు.

ఇక ఘంటసాల గారి సొంత పాటల సంగతి. ఎవరినడిగినా గంధర్వుడంటారు, అమృతం అంటారు, అక్కడితో ఆపేస్తారు. ఆయన పద్యాన్ని ఏం చేశారో చెప్పరు. మా చిన్నప్పుడు ఇటు గుంటూరు, అటు తెనాలి, ఎక్కడ నాటకం ఆడినా పద్యం చివర రాగం సాగేది. జనం ‘వన్స్‌మోర్’ అంటే మళ్లీ సాగేది. రాగం పూర్తయ్యేసరికి పద్యంలో కృష్ణుడు ఏం చెప్పాడో మాకు గుర్తుండేది కాదు. ఘంటసాల ఆ రాగాన్ని తగ్గించి మాటను పైకి తెచ్చారు. ‘పుష్పవిలాపం’ పెట్టుకుని వినండి. ఆ పద్యాలు రాసిన కరుణశ్రీ జంధ్యాల పాపయ్య శాస్త్రి గారు మా గుంటూరు ఏసీ కాలేజీలో పాఠాలు చెప్పినవారే. పువ్వు మాట్లాడుతున్నప్పుడు గొంతు ఎక్కడ తగ్గిందో, ఎక్కడ ఆగిందో చూడండి. నా దగ్గరికి లిస్టులు తెచ్చినవాళ్లలో పద్యాలు రాసుకొచ్చినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. నేను రాసిన ఆ ఒక్క ముక్కకు అర్థం ఇదీ. ఇంత చెప్పాల్సిన దాన్ని ఒక్క ముక్కలో తేల్చేయడం నా తప్పే, చెంపలేసుకుంటున్నాను.

ప్రశ్న: ఓవర్‌రేటెడ్, అండర్‌రేటెడ్ అంటూ ఈ ఇంగ్లీషు ఏమిటండీ? తెలుగు మాటలు లేవా?
– తెనాలి

జవాబు: మొదటిదానికి మా వీధిలో ‘ఊరికే లేపుతున్నారు’ అంటారు. రెండోదానికి సామెతే ఉంది: పెరటి చెట్టు మందుకు పనికిరాదు. పి.బి.శ్రీనివాస్ గారిది కాకినాడ. కన్నడం వాళ్లు ‘మా రాజ్‌కుమార్ గొంతు’ అని ఆయన్ని నెత్తిన పెట్టుకున్నారు. మనం ఘంటసాల హిట్స్‌లో కలిపేశాం. రాసింది నేనేలెండి.

ప్రశ్న: సిద్ శ్రీరామ్ పాట రాగానే మా నాన్న ‘వీడికి తెలుగు రాదు’ అని ఆపేస్తారు. నాకేమో ఆ గొంతంటే ప్రాణం. ఎవరు రైటు?
– ఒక ఇంజనీరింగ్ విద్యార్థిని, మంగళగిరి

జవాబు: మీ నాన్నగారికి ముల్లు ఎక్కడ గుచ్చుకుంటోందో నాకు తెలుసమ్మా. మనం ‘చ’ను రెండు రకాలుగా పలుకుతాం. ‘చేప’లో ఒకటి, ‘చుక్క’లో ఇంకొకటి. చుక్క అన్నప్పుడు నాలుక పళ్లకు తగులుతుంది. ‘జీడిపప్పు’కూ ‘జడ’కూ కూడా అదే తేడా. ఇది బళ్లో నేర్పరు, ఇంట్లో అమ్మ నోటి నుంచి వస్తుంది. కాలిఫోర్నియాలో పెరిగిన తమిళ పిల్లవాడికి ఎక్కడి నుంచి వస్తుంది?

అలాగని వదిలేయడానికీ లేదు. పి.లీల గారిది కేరళ. ‘రావోయి చందమామా’ విని ఎవరైనా ఈమె మన మనిషి కాదు అనుకున్నారా? చిత్ర గారిది తిరువనంతపురం. అప్పట్లో వాద్యాలవాళ్లంతా కూర్చుని ఉండగా పాట మొదటి నుంచి చివరిదాకా ఒకే ఊపులో పాడాలి. ఒక్క అక్షరం జారితే అందరూ మళ్లీ మొదలుపెట్టాలి. అందుకని రిహార్సల్లోనే మాట మాటా సరిచూసుకునేవాళ్లు. ఇప్పుడు లైను లైనూ విడివిడిగా రికార్డు చేస్తారు. ఒక్క మాట తప్పుపోతే ఆ మాట ఒక్కటే మళ్లీ పాడించుకోవచ్చు. ఇంత సులువైపోయాక కూడా ‘చ’ దగ్గర తప్పు అలాగే బయటికి వస్తోందంటే, మైకు ముందున్న మనిషి కంటే అద్దం వెనక కూర్చున్నవాళ్ల మీదే నాకు కోపం.

గొంతు సంగతంటారా, ‘సామజవరగమన’ వచ్చిన కొత్తలో మా మనవరాలు రోజుకు పదిసార్లు పెట్టేది. రెండో రోజు నేనూ కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాను. మీ నాన్నగారిని ఒక్కసారి చివరిదాకా విననివ్వండి. ‘చ’ వచ్చిన చోటల్లా మీరు దగ్గండి.

ప్రశ్న: బాలు గారి నీడలో మిగతా గాయకులు ఎదగలేదంటారు. అలాంటప్పుడు ఆయనా ఓవర్‌రేటెడే కదా?
– పటమట, విజయవాడ

జవాబు: నీడ సంగతి నిజం. 1992 కృష్ణా పుష్కరాలప్పుడు మా కొట్టులో అన్నిటికంటే ఎక్కువసార్లు ఎక్కించిన పాట ‘కృష్ణవేణి, తెలుగింటి విరిబోణి’. బెజవాడ ఘాట్ల దగ్గర స్టాల్ పెట్టుకునేవాళ్లు మా కొట్టుకు వచ్చి మరీ, క్యాసెట్ రెండు పక్కలా ఆ ఒక్క పాటతోనే నింపించుకుపోయారు. అందరూ అడిగింది ‘బాలు పాడిన కృష్ణవేణి’. పాడింది వి.రామకృష్ణ, సుశీల. ఘంటసాల గారు 1974 ఫిబ్రవరిలో పోయారు, ఆ పాట వచ్చింది ఆ ఏడాదే. ఇక ఘంటసాల తర్వాత రామకృష్ణే అని మా వీధిలో పందేలు కాసినవాళ్లున్నారు. ‘శివ శివ శంకర’ కూడా ఆయనదే. శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లలో ప్రభల మీద మైకు పగిలేలా మోగుతుంది. అక్కడ ఎవరినైనా పాడిందెవరని అడిగి చూడండి.

జి.ఆనంద్ గారిదీ అంతే. ‘ఒక వేణువు వినిపించెను’ అని మొదలవగానే కొట్టు ముందు సైకిళ్లు ఆగేవి. ఎవరు పాడారు అంటే ‘బాలు కాదూ?’ అనేవాళ్లు. 2021లో కోవిడ్ ఆయన్ని తీసుకుపోయింది.

ఇందులో బాలు గారి తప్పేముంది? నా దృష్టిలో ఆయనకే మనం ఇంకా బాకీ ఉన్నాం. అందరూ ‘శంకరాభరణం’ దగ్గర దండం పెట్టి వెళ్లిపోతారు. అల్లు రామలింగయ్య గారికి ‘ముత్యాలూ వస్తావా’ పాడిన మనిషిని చూడండి. ఆ ఊగే నడక, ఆ వెకిలితనం, ఆ పళ్లికిలింపు అన్నీ గొంతులోనే ఉన్నాయి. బొమ్మ లేకుండా రేడియోలో వింటే అల్లు గారే కనిపిస్తారు. ఆయనకు వచ్చిన ఆరు జాతీయ అవార్డుల్లో ఒక్కటి కూడా ఇలాంటి పాటకు కాదు.

ప్రశ్న: మా రేపల్లె ఆడపడుచు జానకమ్మకు సుశీల గారి కంటే తక్కువ పేరెందుకు?
– రేపల్లె

జవాబు: మీరు నా కాపురంలో నిప్పులు పోస్తున్నారు. మా ఆవిడది సుశీల పార్టీ, నాది జానకి పార్టీ. ఇంట్లో రేడియో ఎవరి చేతిలో ఉంటే వాళ్లదే ఆ పూట రాజ్యం.

మన పల్లపట్లలో పుట్టిన జానకి గారిని తక్కువ చేసింది మనమా ఢిల్లీయా అంటే, ఢిల్లీయే. 2013లో పద్మభూషణ్ ఇస్తామంటే ‘ఇన్నాళ్లకా’ అని ఆమే వద్దన్నారు. నాలుగు జాతీయ అవార్డుల్లో తెలుగుకు వచ్చింది ఒక్కటే, ‘వెన్నెల్లో గోదారి అందం’కు. తమిళ, మలయాళ పాటలకు వచ్చినవి మిగతా మూడూ. చిన్నపిల్లలా, ముసలావిడలా ఆవిడ గొంతు మార్చి పాడితే జనం దాన్ని మిమిక్రీ కింద తీసిపారేస్తారు. అక్కడే నాకు ఒళ్లు మండుతుంది. సుశీల గారి గురించి ఏమీ అనను. ఈ పేజీ మా ఆవిడ చదువుతుంది.

ప్రశ్న: మా మనోకు రావాల్సిన పేరు వచ్చిందంటారా?
– సత్తెనపల్లి

జవాబు: మా పక్కింటి కుర్రాడు రజనీకాంత్‌కు తెలుగు బాగా వచ్చనుకునేవాడు. తెలుగులో రజనీకి డబ్బింగ్ చెప్పే ఆ గొంతు మీ మనోది, అంటే సత్తెనపల్లి నాగూర్ బాబుదని చెబితే నన్ను అనుమానంగా చూశాడు. పేరు రాలేదనే చెప్పాలి మరి.

ప్రశ్న: ఇన్ని మాటలొద్దు. అందరికంటే అండర్‌రేటెడ్ ఎవరో ఒక్క పేరు చెప్పండి.
– లక్ష్మీపురం, గుంటూరు

జవాబు: ఎం.ఎస్.రామారావు. 

ఎవరాయన అంటారా? రేపు తెల్లవారుజామున లేచి మీ వీధి చివర ఆంజనేయస్వామి గుడి వైపు చెవి పెట్టండి. ‘శ్రీ హనుమాను గురుదేవులు’ అని మొదలవుతుంది చూశారా, ఆ గొంతు. తెనాలి దగ్గర మోపర్రులో పుట్టారు. తెలుగు సినిమాలో తొలి నేపథ్య గాయకుడిగా ఆయన పేరే చెబుతారు. సినిమాలు వదిలేశాక సుందరకాండను మన ఇళ్లలో మాట్లాడుకునే తెలుగులో తనే రాసుకుని, తనే పాడారు. అందులో గొంతు చించుకోవడం ఉండదు, ఒకే లైనును పదిరకాలుగా తిప్పి పాడే సంగతుల ప్రదర్శన ఉండదు. పక్కన కూర్చుని కథ చెబుతున్నట్టు ఉంటుంది. చదువురాని మా అమ్మకు సుందరకాండ మొత్తం నోటికి వచ్చింది ఆ క్యాసెట్ వల్లే.

మీ ఉత్తరం చూశాక పొద్దున్నే మా గుడికి వెళ్లాను. పాట మోగుతోంది. టీ బంకు దగ్గర ముగ్గురిని అడిగాను, ముగ్గురికీ తెలియదు. పూజారి గారిని అడిగితే, ‘క్యాసెట్ ఉన్నప్పుడు కవరు మీద పేరుండేదండీ, ఎలుకలు కొట్టేశాయి. ఇప్పుడంతా పెన్‌డ్రైవే’ అని ఆ పెట్టె నా వైపు తిప్పారు. చిన్న స్క్రీను మీద ఎర్రటి అక్షరాల్లో పాట పేరు నడుస్తోంది: ‘సుందరకాండ – ఘంటసాల’.

‘ఎవరు ఎక్కించారండీ ఇది?’ అన్నాను.

‘మీ శిష్యుడే. బ్రాడీపేటలో మీ దగ్గర పనిచేశాడే, ఆ అబ్బాయే.’