లాన్‌కు టైమరు: 32 వేలదా, 4 వేలదా?

ప్రశ్న: బండ్లగూడ జాగీర్‌లో మాకు సొంత ఇల్లు ఉంది, జీ ప్లస్ వన్. నేను రిటైర్డ్ టీచర్‌ని. ఇంటి ముందు 1,200 చదరపు అడుగుల లాన్ ఉంది. మార్చి వచ్చిందంటే బోరు ఎండిపోతుంది. అక్కడి నుంచి జూన్ దాకా 5 వేల లీటర్ల ట్యాంకరు ఒక్కోటి రూ.900 పెట్టి కొంటున్నాం. తోటమాలి రోజూ సాయంత్రం గంటన్నర సేపు పైపు వదులుతాడు. బకెట్ పెట్టి చూస్తే 15 లీటర్లది నిమిషంలో నిండింది. తోట నల్లా ఓవర్‌హెడ్ ట్యాంకు నుంచి నేరుగా వస్తుంది, బాత్రూమ్‌లకు మాత్రం ప్రెజర్ పంపు ఉంది. మే నెలలో మేమిద్దరం అమెరికాలో అమ్మాయి దగ్గరకు వెళ్తాం. ఒక డీలరు వైఫై కంట్రోలరు, వాల్వులు, పైపులు, బిగింపు అన్నీ కలిపి రూ.32 వేలు చెప్పాడు, నో కాస్ట్ ఈఎంఐ కూడా ఇస్తానన్నాడు. నల్లాకు తగిలించే సెల్స్ టైమరు, రెండు అవుట్‌లెట్లది, ఆన్‌లైన్‌లో రూ.4,200కు ఉంది. ఏది కొనమంటారు?

జవాబు: మాస్టారూ, బకెట్ పెట్టి కొలిచి రాశారు కాబట్టి అంచనాలతో పని లేదు, నేరుగా లెక్కలోకి వెళ్దాం. నిమిషానికి 15 లీటర్లు, 90 నిమిషాలు. అంటే రోజుకు 1,350 లీటర్లు. మీ లాన్ దాదాపు 111 చదరపు మీటర్లు. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు నీరు నిలవాలంటే ఒక లీటరు పడుతుంది. మన హైదరాబాద్ మే ఎండకు కూడా లాన్ గడ్డికి రోజుకు 5 మిల్లీమీటర్లు సరిపోతాయి. అంటే 555 లీటర్లు. మిగతా 800 లీటర్లు వేర్లు దాటి కిందికి ఇంకిపోతున్నాయి, లేదా గేటు దాటి రోడ్డు మీదికి పోతున్నాయి. నెలకు 24 వేల లీటర్లు, దాదాపు 5 ట్యాంకర్లు. మీరు చెప్పిన రేటు ప్రకారం నెలకు సుమారు రూ.4,300. మూడు నెలల వేసవికి రూ.13 వేలకు కాస్త అటూ ఇటూ.

ఈ రూ.13 వేలు ఏ టైమరూ మిగల్చదు. నిమిషాలు తగ్గిస్తే మిగులుతాయి. మీరు ఎన్ని నిమిషాలు పెడితే టైమరు అన్ని నిమిషాలు వదులుతుంది, అంతే. 90 నిమిషాలు పెడితే రోజూ తప్పకుండా 90 నిమిషాలూ వదులుతుంది. నాలుగు వేలదీ, ముప్పై రెండు వేలదీ ఈ విషయంలో ఒకటే. అందుకే నా ఓటు రూ.4,200 దానికి. తక్కువ ధర ఒక్కటే కారణం కాదు. మీ లాన్‌కు రెండు స్ప్రింక్లర్లు చాలు, కాబట్టి రెండు అవుట్‌లెట్లకు మించి పని లేదు. ప్లంబర్‌తో కలిపి రూ.6 వేలు అయినా, మన లెక్కలో సగమే మిగిలినా, మొదటి వేసవిలోనే తిరిగి వచ్చేస్తుంది. రూ.32 వేలది తిరిగి రావాలంటే లెక్క మొత్తం నిజమైనా రెండున్నర వేసవులు కావాలి.

ఇక నో కాస్ట్ ఈఎంఐ. డీలరును ముందు ఒక్క మాట అడగండి: మొత్తం ఒకేసారి ఇస్తే ఎంతకు ఇస్తారు? అప్పుడు తగ్గిస్తానంటే, ఆ తగ్గేదే మీరు కట్టే వడ్డీ. పైగా క్రెడిట్ కార్డు మీద అయితే బ్యాంకు లెక్కగట్టే వడ్డీ మీద 18 శాతం జీఎస్‌టీ, చాలాచోట్ల ప్రాసెసింగ్ ఫీజు కూడా మీ ఖాతాలోనే పడతాయి. పెన్షన్ మీద బతికే ఇంట్లో గడ్డి కోసం నెలవారీ వాయిదా పెట్టుకోవడం నాకు అస్సలు ఇష్టం లేదు.

కొనేముందు చూడాల్సింది మీ నల్లా ప్రెజర్. చాలామంది డబ్బులు పోగొట్టుకునేది ఇక్కడే. పది మీటర్ల ఎత్తు నుంచి దిగే నీటికి సుమారు ఒక బార్ ప్రెజర్ ఉంటుంది. మీ ట్యాంకు ఏడెనిమిది మీటర్ల ఎత్తులో ఉంటుంది, అంటే ముప్పావు బార్. తిరిగే స్ప్రింక్లర్‌కు ఒకటిన్నర, రెండు బార్లు కావాలి. ముప్పావు బార్‌తో అది తిరగదు, ఉన్నచోటే నీళ్లు కారుస్తుంది. టైమర్లలో కూడా సోలినాయిడ్ వాల్వు (కరెంటు అయస్కాంతంతో తెరుచుకునేది) ఉన్నవాటిలో చాలావరకు తక్కువ ప్రెజర్‌లో సరిగ్గా తెరుచుకోవు, సరిగ్గా మూసుకోవు. చిన్న మోటారుతో తిరిగే బాల్ వాల్వు రకానికి ఆ ఇబ్బంది లేదు, ప్రెజర్ లేకపోయినా పనిచేస్తుంది. అందుకని వివరాల్లో ‘బాల్ వాల్వు’ అని ఉంటేనే ఆర్డర్ పెట్టండి. స్ప్రింక్లర్ తిరగాలంటే తోట నల్లాను ప్రెజర్ పంపు లైనుకు మార్పించండి. వాల్వు తెరుచుకోగానే పంపు తనంతట తానే ఆన్ అవుతుంది, టైమరు నుంచి దానికి వైరు లాగక్కర్లేదు. అర హెచ్‌పీ పంపు రోజుకు 50 నిమిషాలు తిరిగితే నెలకు పది యూనిట్ల దాకా కరెంటు అవుతుంది.

లైను మారాక నిమిషాలు మళ్లీ కొలవాలి, పాత బకెట్ లెక్క ఇక చెల్లదు. వంటింట్లో నిలువు అంచులున్న స్టీలు డబ్బాలు ఆరేడు తీసుకుని లాన్ మీద అక్కడక్కడా పెట్టండి. స్ప్రింక్లర్ 15 నిమిషాలు తిప్పండి. ఒక్కో డబ్బాలో స్కేలు ముంచి చూసి సగటు తీయండి. ఉదాహరణకు 3 మిల్లీమీటర్లు వచ్చిందనుకుందాం. 5 మిల్లీమీటర్లకు ఒక్కో స్ప్రింక్లర్ 25 నిమిషాలు తిరగాలి. ఒక మూల డబ్బాలో సగం కూడా పడలేదంటే స్ప్రింక్లర్‌ను జరపండి. ఆ మూల ఎండిందని నిమిషాలు పెంచితే మిగతా లాన్ అంతా నీళ్లపాలవుతుంది.

రోజూ 25 నిమిషాల కంటే, రోజు విడిచి రోజు 50 నిమిషాలు మంచిది, వేర్లు లోతుకు దిగుతాయి. అన్ని నీళ్లు ఒకేసారి ఇంకకుండా పారుతుంటే, గంట ఎడంతో రెండు విడతలు చేయండి. తెల్లవారుజామున నాలుగున్నరకు మొదలుపెట్టండి. అప్పుడు గాలి తక్కువ, ఆవిరయ్యేదీ తక్కువ. సాయంత్రం తడిపితే గడ్డి రాత్రంతా తడిగానే ఉండి బూజు తెగుళ్లు వస్తాయి.

సెట్ చేసేటప్పుడు రెండు అవుట్‌లెట్ల టైములూ ఒకదాని మీద ఒకటి పడకుండా చూసుకోండి. ఒకేసారి రెండూ తెరుచుకుంటే ప్రెజర్ చాలదు, రెండూ సరిగా తిరగవు. ఒకవేళ మున్ముందు పెద్ద కంట్రోలరే కొన్నా, అందులో ‘స్టార్ట్ టైమ్’ ఒక్కసారి ఇస్తే చాలు, అన్ని వాల్వులూ వరుసగా తెరుచుకుంటాయి. ఒక్కో వాల్వుకు ఒక్కో స్టార్ట్ టైమ్ ఇచ్చారంటే అన్ని వాల్వులూ అన్నిసార్లు తిరిగి, ట్యాంకరు బిల్లు రెండింతలు మూడింతలు అవుతుంది.

మీరు ఊళ్లో ఉండని మే నెల గురించి ఇప్పుడే ఆలోచించాలి. టైమరులో సెల్స్ అయిపోతే వాల్వు అప్పుడున్న స్థితిలోనే ఆగిపోతుంది. తెరిచి ఉంటే తెరిచే ఉంటుంది. సెల్స్ నీరసించగానే వాల్వు మూసేసే మోడల్ దొరికితే వంద రెండు వందలు ఎక్కువైనా అదే తీసుకోండి. ప్రయాణానికి ముందు కొత్త ఆల్కలైన్ సెల్స్ వేయండి, ఛార్జింగ్ సెల్స్ వద్దు. రెండోది, ట్యాంకరు రాక ట్యాంకు ఖాళీ అయితే పంపు నీళ్లు లేకుండా తిరిగి కాలిపోతుంది. దానికి నీళ్లు లేకపోతే పంపును ఆపేసే డ్రై రన్ కటాఫ్ ఉందో లేదో ప్లంబర్‌ను అడగండి. తోటమాలిని మాన్పించకండి. పైపు ఊడిందా, ట్యాంకులో నీళ్లున్నాయా అని వారానికి రెండుసార్లు కంటితో చూసే మనిషి మీకు కావాలి. బోరు నీటి ఉప్పు టైమరు జాలీలో పేరుకుంటుంది, నెలకోసారి విప్పి నిమ్మ ఉప్పు నీళ్లలో నానబెట్టి కడగమనండి. తొలకరి పడిన రోజు టైమరు ఆఫ్ చేసే బాధ్యత కూడా అతనికే అప్పగించండి, ఒక్క బటన్ పని.

జలమండలి (హైదరాబాద్ నీటి సరఫరా సంస్థ) నెలకు 20 వేల లీటర్లు ఉచితంగా ఇచ్చే పథకం మీ ప్రాంతానికి వర్తిస్తే, అది లాన్‌కు వాడుకుందామని కొందరు అంటారు. పొదుపుగా పెట్టినా మే నెలలో లాన్ ఒక్కటే 17 వేల లీటర్లకు పైగా తాగుతుంది. అంటే ఇంట్లో వాడకానికి మిగిలేది మూడు వేల లోపే. తాగునీటి లైను వైపు వెళ్లకండి.

రూ.32 వేలు ఖర్చు పెట్టడానికి మీరు సిద్ధపడ్డారు కాబట్టి, మిగిలే రూ.26 వేలను ఇంకుడు గుంతకు తీసిపెట్టండి. మన దగ్గర ఏడాదికి సగటున 800 మిల్లీమీటర్ల వాన పడుతుంది. మీ డాబా 1,500 చదరపు అడుగులు అనుకుంటే దాని మీద ఏటా లక్ష లీటర్లకు పైగా పడుతోంది, అంటే 20 ట్యాంకర్లకు తక్కువ కాదు. అది ఇప్పుడు పైపులో దిగి రోడ్డు మీదికి పోతోంది. బోరు పక్కనే గుంత తవ్వించి డాబా పైపు దానికి కలపండి. అమెరికా ప్రయాణానికి ముందే ఇద్దరు ముగ్గురి దగ్గర కొటేషన్లు తీసుకుని, తొలకరికి ముందే పని పూర్తి చేయించండి.