సంఘం మీటింగ్‌లో సభ్యులు మనసులో మాట చెప్పాలంటే లీడర్ ఏం చేయాలి?

కొత్తగా మహిళా పొదుపు సంఘం లీడర్ అయ్యానని, మీటింగ్‌లో అందరూ తలూపి బయటికెళ్లాక వేరేగా మాట్లాడుకుంటున్నారని, వాళ్లకు నా మీద నమ్మకం ఎలా కుదురుతుందని అడిగారు. నేను నెల్లూరు జిల్లాలో, పొదుపు సంఘాలతో నడిచే ప్రభుత్వ పథకం వెలుగు ప్రాజెక్టులో సీసీగా, అంటే కమ్యూనిటీ కోఆర్డినేటర్‌గా, చాలా ఏళ్లు పనిచేశాను. చూసింది చెబుతాను.

ముందు మీ మీటింగ్ ఎలా మొదలవుతోందో గమనించండి. చాలాచోట్ల కూర్చోగానే పుస్తకాలు తెరిచి కిస్తీ ఎవరు కట్టారు, ఎవరు కట్టలేదు అని పేర్లు చదువుతారు. కట్టలేనివాళ్లు అప్పుడే తల దించుకుంటారు. ఇక ఆ రోజంతా ఏ విషయంలోనూ నోరు విప్పరు. లెక్కలు చివర్లో పెట్టుకుంటే కొంపలేమీ మునిగిపోవు.

నాకు బాగా తెలిసిన లీడర్ ఒకావిడ ఉండేది. పెద్దగా చదువుకోలేదు, నలుగురిలో గట్టిగా మాట్లాడే మనిషీ కాదు. వాళ్ల సంఘంలో ఒక సభ్యురాలు కిస్తీ ఆపేసి మీటింగులకు రావడం మానేసింది. ఫైన్ వేద్దామన్నారు మిగతావాళ్లు. లీడర్ మాత్రం ఆ సాయంత్రం నన్ను వెంటబెట్టుకుని ఆమె ఇంటికెళ్లింది. పొయ్యి దగ్గరే పీట వేసుకుని కూర్చుంది. అప్పు మాట ఎత్తలేదు. మధ్యలో ఫోన్ మోగితే ఆపేసి పక్కన బోర్లించింది. ఆమె ఎంతసేపటికీ గేదె సంగతే చెబుతోంది, దూడ చచ్చిపోయి పాలు తగ్గిపోయాయని. అంతా విని, "మరి ఇల్లెట్లా గడుస్తోంది వదినా?" అని ఒక్క మాట అడిగింది. అప్పుడు బయటపడింది అసలు సంగతి. బయట వడ్డీకి ఇంకో అప్పు తెచ్చుకుంది, చేతికొచ్చిందంతా వారం వారం దానికే పోతోంది. ఇంట్లో మగమనిషికి కూడా తెలియదు.

ఆ తర్వాత లీడర్ చేసిన పని నాకు ఇంకా గొప్పగా అనిపించింది. మీటింగ్‌లో ఏం చెప్పాలో, ఏం చెప్పకూడదో ముందే ఆమెనే అడిగింది. బయటి అప్పు ఊసు ఎత్తకుండా, పాలు తగ్గాయి కాబట్టి గడువు కావాలన్నంత వరకే చెప్పింది. బ్యాంకు సంఘానికిచ్చే లింకేజి లోను సంఘం పేరు మీద ఉంటుంది కదా, ఒకరు కట్టలేదని బ్యాంకు ఆగదు. అందుకని సంఘం పొదుపులోంచి సర్దేట్టు తీర్మానం రాయించి, మినిట్స్ పైకి చదివించింది. చదువురాని సభ్యులు కూడా ఏం రాశారో విన్నాకే వేలిముద్ర వేశారు. చెప్పుకున్న మాట బయటికి పొక్కలేదు, అడిగిన సాయం పుస్తకంలోకి ఎక్కింది. తర్వాత మిగతావాళ్లు కూడా తమ కష్టం చెప్పుకోవడానికి ఆవిడ దగ్గరికే వెళ్లేవాళ్లు.

అసలు మా జిల్లాలో పొదుపు సంఘాలు మొదలైందే ఇలాంటి కబుర్లతో. 1990ల మొదట్లో రాత్రిబడులకు వచ్చిన ఆడవాళ్లు అక్షరాలతో పాటు సారా వల్ల ఇంట్లో పడుతున్న బాధలూ చెప్పుకున్నారు. మా జిల్లాలోని దూబగుంట ఊళ్లో సారా మీద రాజుకున్న పోరాటం అంతటా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. తర్వాత వాళ్లే రోజుకో రూపాయి దాచి పొదుపులక్ష్మి సంఘాలు పెట్టుకున్నారు. రాత్రిబడిలో చదువు చెప్పేవాళ్లు పలక మీద అక్షరాలు దిద్దించి, ఇంటి గోడు మాకెందుకని పంపేసి ఉంటే ఇంత జరిగేదా?

మీటింగ్ అయిపోగానే బండెక్కి వెళ్లిపోకండి. చాపలు చుట్టేటప్పుడే ఎవరో ఒకరు పక్కకొచ్చి "అక్కా, ఒక మాట" అంటారు. నాకు తెలిసి ముఖ్యమైన విషయాలు చాలావరకు అప్పుడే బయటికొస్తాయి.

ఇంకోటి. విన్నారు కదా అని అన్నిటికీ సరేననక్కర్లేదు. కుదరనిది ఆ రోజే కుదరదని చెప్పేయండి. "చూద్దాంలే" అని నెలల తరబడి తిప్పుకుంటేనే మనుషులు దూరమవుతారు. బ్యాంకు మేనేజర్‌ని అడిగి గురువారం చెబుతానన్నారంటే, పని కాకపోయినా సరే, గురువారం వాళ్లింటికెళ్లి చెప్పండి.