కాన్‌స్టేబుల్ చిత్రంలో చర్చి రాయికి ఆ వెలుగు ఎక్కడిది?

ఇంగ్లండ్ చిత్రకారుడు జాన్ కాన్‌స్టేబుల్ 1823లో వేసిన సాలిస్‌బరీ కెథెడ్రల్ (బిషప్ పీఠమున్న పెద్ద చర్చి) చిత్రంలో అంత కాంతిగా కనిపించడానికి తెల్లరంగు ఎక్కువ వాడడమే కారణమా అని అడిగారు. నేను కాదంటాను. తెల్లరంగు కంటే దాని చుట్టూ ఉన్న చీకటి ఎక్కువ పనిచేసింది.

లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఆ చిత్రం ఎదుట చాలాసేపు నిలబడ్డాను. బిషప్ తోటలోంచి కనిపించే దృశ్యం అది. రెండు పక్కల చెట్లు పైకి వంగి తోరణం కట్టాయి. కింద నీడలో ఆవులు. ఎడమ మూలన బిషప్ తన భార్యకు చేతికర్రతో శిఖరాన్ని చూపిస్తుంటాడు (డబ్బిచ్చి వేయించుకున్నది ఆయనే మరి). మ్యూజియం దుకాణంలో కొన్న కార్డు మీద ఆ చెట్లను తెల్లకాగితం ముక్కలతో కప్పి చూశాను. గోడలు వెంటనే వెలవెలబోయాయి. మీరూ చేసి చూడండి.

తర్వాత సాలిస్‌బరీ కూడా వెళ్లాను. చిల్‌మార్క్ గనుల సున్నపురాయితో కట్టిన చర్చి, 123 మీటర్ల శిఖరం. మబ్బు పడితే ఆ రాయి ఉత్త బూడిదరంగు. ఎండ తగిలితే మీగడరంగు. తోట చర్చికి దక్షిణాన ఉంది. ఆ దేశంలో మధ్యాహ్నపు సూర్యుడూ దక్షిణానే ఉంటాడు కనుక, ఎండ నేరుగా పడే గోడలే అక్కడినుంచి కనిపిస్తాయి.

ఇక చెక్కడపు పని సంగతి. కిటికీలూ ఆనుగోడలూ (గోడకు ఊతంగా బయట కట్టేవి) వివరంగా వేయడానికి తాను వెనకాడలేదని, అయినా ఎప్పటిలాగే క్షణక్షణం మారే వెలుగునీడల చాటున తప్పించుకున్నానని కాన్‌స్టేబుల్ మిత్రుడికి రాసిన ఉత్తరంలో ఉంది. చిత్రం దగ్గరకు వెళ్తే అర్థమవుతుంది: ఆనుగోడ అంచున ఒక వెలుగుగీత, పక్కనే నీడ, మిగతాది మన కన్ను పూరించుకుంటుంది.

బిషప్‌కు మాత్రం చిత్రంలో ఆకాశాన ఉన్న నల్లమబ్బులు నచ్చలేదు. ఆయన కోసం మొదలుపెట్టిన మరో చిత్రం 1826లో పూర్తయింది. అప్పటికి ఆయన బతికి లేడు. అది న్యూయార్క్‌లోని ఫ్రిక్ సేకరణ అనే మ్యూజియంలో ఉంది. అందులో చెట్లు పైన విడిపోయి, శిఖరం తేటపడిన ఆకాశంలోకి లేస్తుంది. బొమ్మ నిండా ఎండే. అయినా రాయి మెరుపు మొదటిదానిలోనే ఎక్కువని నాకనిపిస్తుంది. రెండింటినీ తెర మీద పక్కపక్కన పెట్టి, ముందు శిఖరం చుట్టూ ఉన్న ఆకాశాన్ని పోల్చండి.