ఆసనాలు వేసి తోటపని చేస్తే నడుం పట్టేస్తోంది.. ఏది మానాలి?

ప్రశ్న: నా వయసు 54. మేడ మీద కుండీల్లో ఆకుకూరలు, వంగ, టమాటా పెంచుతున్నాను. పొద్దున లేవగానే సూర్య నమస్కారాలు, పశ్చిమోత్తానాసనం (కాళ్లు చాపి కూర్చుని ముందుకు వంగేది) వేసి, వెంటనే పైకి వెళ్లి గంటసేపు కలుపు తీయడం, బకెట్లతో నీళ్లు మోయడం చేస్తాను. రెండు నెలలుగా నడుం పట్టేస్తోంది. షుగర్‌కు మాత్రలు వాడుతున్నాను. యోగా మానాలా, తోటపని మానాలా?
- ఓ పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: రెండింటిలో ఏదీ మానక్కర్లేదమ్మా. వరస మార్చుకుంటే చాలావరకు సర్దుకునే ఇబ్బందిలాగే కనిపిస్తోంది.

రాత్రి పడుకున్నప్పుడు వెన్నుపూసల మధ్య ఉండే డిస్కులు నీటిని పీల్చుకుని కాస్త ఉబ్బుతాయి. అందుకే నిద్ర లేచిన మొదటి గంటలో ముందుకు వంగితే వాటి మీద మామూలు కంటే ఎక్కువ ఒత్తిడి పడుతుంది. మీరు సరిగ్గా ఆ వేళలోనే ముందుకు వంగే ఆసనాలు వేస్తున్నారు. ఆ వెంటనే మళ్లీ వంగి కలుపు తీస్తున్నారు. ఇంతసేపు వంగుతూనే ఉంటే ఏ నడుమైనా మొరాయిస్తుంది.

కాబట్టి లేవగానే పది నిమిషాలు మేడ మీదే నడవండి. తర్వాత మార్జాలాసనం (చేతులు, మోకాళ్ల మీద ఉండి వెన్నును పైకీ కిందికీ కదిలించేది), తాడాసనం (నిటారుగా నిలబడి చేతులు పైకి చాచేది) లాంటి తేలికైనవి వేసి తోటపనిలోకి దిగండి. కలుపు తీసేటప్పుడు నిలబడి నడుం వంచకుండా చిన్న పీట వేసుకుని కూర్చోండి. లేదా దిండు మీద ఒక మోకాలు ఆనించి, రెండో పాదం ముందుకు వేసి పని చేయండి. పావుగంటకోసారి లేచి, చేతులు నడుం మీద పెట్టుకుని నాలుగైదుసార్లు మెల్లగా వెనక్కి వంగండి. అర్ధచక్రాసనమే అది, చాప కూడా అక్కర్లేదు. పనంతా అయ్యాక భుజంగాసనం (బోర్లా పడుకుని ఛాతీ పైకెత్తేది), మకరాసనం (బోర్లా పడుకుని విశ్రాంతి తీసుకునేది) వేయండి. పశ్చిమోత్తానాసనాన్ని నొప్పి తగ్గేవరకు పక్కన పెట్టండి. తగ్గాక కూడా సాయంత్రం వేయడమే మేలు.

పది లీటర్ల బకెట్ అంటే పది కిలోల పైమాటే. సగమే నింపి రెండు చేతులకూ చెరొకటి పట్టుకోండి. పైపు ఉంటే ఇంకా నయం. అయితే పైపు పట్టుకుని నిలబడితే మనసుకు హాయే గానీ వ్యాయామం లెక్కలోకి రాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమ అవసరమంటోంది. మట్టి తవ్వడం, కుండీలు మార్చడం లాంటివి అందులోకి వస్తాయి.

షుగర్ ఉందన్నారు కాబట్టి, ఉత్త కాళ్లతో మట్టిలో తిరగవద్దు. చేతులకు గ్లౌజులు వేసుకోండి. టీటీ ఇంజెక్షన్ తీసుకుని పదేళ్లు దాటితే మళ్లీ వేయించుకోండి. కొన్ని రకాల షుగర్ మాత్రలతో పరగడుపున ఇంత శ్రమ చేస్తే చక్కెర పడిపోవచ్చు. వణుకు, చెమటలు వస్తే వెంటనే పని ఆపి మూడు నాలుగు చెంచాల పంచదార నీళ్లలో కలుపుకుని తాగండి. అలా జరిగితే మాత్రల మోతాదు గురించి మీ డాక్టర్‌తో మాట్లాడండి.

ఈ మార్పులతో మూడు నాలుగు వారాల్లో తేడా తెలియాలి. తెలియకపోయినా, నొప్పి పిరుదు నుంచి కాలిలోకి పాకినా ఆర్థోపెడిక్ డాక్టర్‌ను కలవండి. పాదం తిమ్మిరెక్కి పట్టు తప్పుతున్నా, మూత్రం మీద అదుపు పోయినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.