తీర్థంలో సాయంత్రం: మీరడిగినవి

కనుమ ప్రభలతో (దేవుణ్ణి నిలిపి భుజాల మీద మోసుకొచ్చే, గుడ్డలు కట్టిన ఎత్తైన వెదురు కట్టడాలు) మొదలై మాఘమాసంలో అంతర్వేది రథం దాకా కోనసీమలో ఇవి తీర్థాల, అంటే గుడి జాతరల, రోజులు. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు వాటి గురించే.

ప్రశ్న: కనుమనాడు పిల్లల్ని తీసుకుని జగ్గన్నతోట వెళ్దామనుకుంటున్నాం. ఎండ తగ్గాక అయిదింటికి చేరితే చాలా? (తణుకు పాఠకురాలు)

జవాబు: తీర్థం దొరుకుతుందండీ, ప్రభలే దొరక్కపోవచ్చు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఏకాదశ రుద్రుల ప్రభలు 11 మొసలపల్లి దగ్గరి ఆ తోటకి మధ్యాహ్నం నుంచి ఒక్కొక్కటే చేరతాయి. పొద్దు వాలేసరికి తిరుగుముఖం పడతాయి. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభల్ని కౌశిక ఏటి నీళ్లలో దిగి దాటించడం చూడాలంటే ఇంకా ముందే రావాలి. ప్రభకి ఎదురుగా మాత్రం నిలబడొద్దు. మోసేవాళ్ల చూపు అడుగుల మీదే ఉంటుంది. గాలి కొడితే పైనున్న గుడ్డ తెరచాపలా ఉబ్బి ప్రభ ఒక పక్కకి ఒరుగుతుంది, దాన్ని నిలబెట్టడానికి మనుషులు అటూ ఇటూ పరుగెడతారు. పక్కగా, కాస్త ఎడంగా, గట్టు మీదుంటే పిల్లలకీ బాగా కనబడుతుంది. చేలల్లో నడక తప్పదు కాబట్టి బురదకి ఊడిపోని చెప్పులు వేసుకోండి.

ప్రశ్న: తీర్థంలో కొన్న బెల్లం జీళ్లు పటుక్కున విరుగుతాయి. ఇంట్లో చేస్తే ఒకసారి పళ్లకి అంటుకుపోయాయి, ఇంకోసారి ఇసకలా పొడిపొడి అయ్యాయి. ఎక్కడ తప్పుతోంది? (రాజోలు పాఠకురాలు)

జవాబు: రెండుసార్లూ తప్పింది పాకం దగ్గరే, కారణాలే వేరు. అంటుకుందంటే పాకంలో నీళ్లు మిగిలాయి. పొడి అయిందంటే బెల్లంలోని పంచదార మళ్లీ పలుకు కట్టింది.

అరకిలో గట్టి బెల్లానికి అరగ్లాసు నీళ్లు చాలు. కరగ్గానే వడకట్టండి, అడుగున ఇసక, చెరకు పీచు ఉంటాయి. మళ్లీ పొయ్యి మీద పెట్టి, ఉడుకు పట్టాక చెంచాడు నిమ్మరసం వెయ్యండి. పలుకు కట్టకుండా ఆపేది ఆ పులుపే. అక్కణ్ణుంచి అదే పనిగా తిప్పొద్దు, అడుగంటకుండా అప్పుడప్పుడు కదిపితే చాలు. గిన్నె అంచులకి చిందినదాన్ని తడిగుడ్డతో తుడిచెయ్యాలి. అంచున ఎండిన పలుకు ఒక్కటి లోపల పడినా మొత్తం పాకం దాని దారే పడుతుంది.

చన్నీళ్లలో ఓ చుక్క వేసి చూడండి. మెత్తటి ఉండ అయితే అది అరిసెల పాకం, మీకు చాలదు. ఇంకా ముదిరాక వేసిన ఉండని పళ్లెం మీద కొడితే టంగుమనాలి. అప్పుడే దించి, నెయ్యి రాసిన స్టీలు పళ్లెంలో పొయ్యండి. అంచులు ముందు గడ్డకడతాయి కాబట్టి అట్లకాడతో లోపలికి మడుస్తూ ఉండాలి. చెయ్యి ఓర్చుకునే వేడికి రాగానే అరచేతులకి నెయ్యి రాసుకుని సాగదీయండి. కొట్టువాళ్లు గుంజకి దిగ్గొట్టిన మేకుకి తగిలించి లాగి, మడిచి, మళ్లీ తగిలించేది ఇందుకే. లాగిన కొద్దీ లోపలికి గాలి చేరుతుంది, నల్లటి ముద్ద బంగారు రంగుకి తిరుగుతుంది. ఆ గాలే జీడిని పెళుసుగా విరగనిస్తుంది. లాగకుండా ఆరబెడితే రాయే. గట్టిపడేలోపు తాడులా చేసి కత్తెరతో ముక్కలు కోసి, వేయించిన నువ్వులు 100 గ్రాముల్లో దొర్లించండి. చల్లారగానే డబ్బాలో పెట్టి బిగించాలి. మన సముద్రపు గాలికి చెమ్మ ఎక్కువ, బెల్లం దాన్ని ఇట్టే లాగేసుకుంటుంది. తీర్థంలోనూ అంతే, తెరిచిన పళ్లెంలో జీళ్లు ఆరింటికి ఉన్నంత గట్టిగా తొమ్మిదింటికి ఉండవు.

ప్రశ్న: జెయింట్ వీల్ ఎక్కొచ్చో లేదో కింద నిలబడి తెలుసుకోగలమా? (అమలాపురం పాఠకుడు)

జవాబు: కొంత తెలుస్తుంది. టిక్కెట్టు కొనకముందు రెండు చుట్లు చూడండి. మొదట కాళ్ల కింద చూపు పెట్టండి. కొబ్బరితోటలో, కోత అయిన చేలో నేల మెత్తన, కాళ్ల కింద వెడల్పాటి చెక్కదిమ్మలు వేసి మట్టం చూసుండాలి. తిరుగుతున్నప్పుడు దిమ్మలు కదిలినా, చక్రం పక్కలకి ఊగినా, ప్రతి చుట్టులో ఒకేచోట టక్కుమన్నా వెనక్కి తిరగండి. తర్వాత జనాన్ని ఎక్కించే తీరు. పని తెలిసినవాడు ఒక తొట్టి నింపాక దానికి ఎదుటి తొట్టి నింపుతాడు. వరసగా ఒకేవైపు నింపితే బరువున్న వైపు విసురుగా కిందకి దిగుతుంది, ఆపేటప్పుడు కుదుపు తప్పదు. కూర్చున్నాక అడ్డకడ్డీకి చీల ఉందో లేదో మీ చేత్తో పట్టి చూడండి, తాడు కట్టి సరిపెడితే దిగిపొండి. జడ ముడేసుకోవాలి, చున్నీ, కొంగు దోపుకోవాలి. కరెంటు పోయి పైన ఆగిపోతే కంగారుపడి లేవొద్దు, చేత్తో తిప్పి దించుతారు.

ఇంకోమాట. తప్పిపోతే జెయింట్ వీల్ దగ్గర కలుద్దామని పిల్లలకి చెబుతుంటారు. జనమంతా ఉండేది అక్కడే, వెతకడం కష్టం. గుడి ధ్వజస్తంభం చెప్పండి. ఫోన్ నంబరు చీటీ మీద రాసి జేబులో పెట్టండి, చేతి మీద రాస్తే చెమటకి చెరిగిపోతుంది.

ప్రశ్న: తుపాకీతో బుడగలు కొట్టే ఆటలో మోసం ఉంటుందా? (భీమవరం పాఠకుడు)

జవాబు: మోసమనక్కర్లేదు, గురి మేకు పక్కకి వంగినా సరిచేసే ఓపిక ఎవరికీ ఉండదు. మొదటి గుండు గురికి కాకుండా పరీక్షకి వాడండి. ఎడమకి ఎంత పోయిందో చూసి రెండోది అంత కుడికి పెట్టండి.

ప్రశ్న: పాలకొల్లు నుంచి అంతర్వేది రథానికి కారులో వెళ్లి రాత్రికి తిరిగి రావాలి. పంటు (గోదావరి దాటించే పడవ) మంచిదా, వంతెన మంచిదా? (పాలకొల్లు పాఠకుడు)

జవాబు: మాఘశుద్ధ దశమి రాత్రి కల్యాణం, మర్నాడు భీష్మ ఏకాదశికి రథం. ఈ రెండు రోజులూ కారుంటే చించినాడ వంతెన మీదుగా రాజోలు వైపు నుంచే వెళ్లండి. నరసాపురం దగ్గర పంటు ఎక్కి సఖినేటిపల్లిలో దిగితే దూరం తగ్గుతుంది గానీ తిరుగు ప్రయాణంలో రేవు దగ్గర వరసలో ఇరుక్కుంటారు. పంటే కావాలనుకుంటే బండి నరసాపురం ఒడ్డునే వదిలి మనుషులే దాటండి. వెళ్లేటప్పుడే ఆఖరి పంటు ఎన్నింటికో రేవులో అడిగి, దానికి ముందు పంటుకే తిరిగి రండి.