పంది అనుకుని మనిషిని ఎలా కాలుస్తారు? టార్చి పట్టుకోబోయేవాళ్లు తెలుసుకోవాల్సినవి

మీరడిగింది ఇది: ఉండేది బెంగళూరులో, మేనమామగారి చేను చింతామణి వైపు. చెనిక్కాయ, మొక్కజొన్న వేస్తే అడవిపందులు తవ్విపోస్తున్నాయి. అటవీశాఖ అనుమతి వస్తే లైసెన్సు తుపాకీ ఉన్న ఒకాయన్ని పిలిపిస్తామంటున్నారు, టార్చి పట్టుకోడానికి మిమ్మల్ని రమ్మంటున్నారు. "పంది అనుకుని మనిషిని కాల్చారని పేపర్లో చదువుతుంటాం. నిజంగా అంత తేడా తెలియదా? నేనేం చూసుకోవాలి?"

తెలియదండీ. కళ్లు సరిగా లేక కాదు. మూడు గంటలు మంచె మీద పంది కోసమే కాచుకున్నవాడి బుర్రలో పంది ముందే వచ్చి కూర్చుని ఉంటుంది. ఎదురుగా ఆకు కదిలితే చాలు, మిగతా బొమ్మ అదే పూర్తిచేసుకుంటుంది. నిద్రమత్తుంటే ఇంకా తొందరగా, మందు వేసుకుని ఉంటే చెప్పక్కర్లేదు. పైగా పెద్ద మగపంది భుజం దగ్గర 90 సెంటీమీటర్ల దాకా ఎత్తుంటుంది. గొంతుకూర్చున్న మనిషీ దాదాపు అంతే.

రాత్రిపూట చేలో అలా వంగి, కూర్చుని ఉండేది ఎవరో ఒకసారి లెక్కేయండి. త్రీఫేజు కరెంటు రాత్రిపూట ఇస్తుంటే మోటారు వేయడానికొచ్చి స్టార్టరు పెట్టె ముందు వంగినవాడు. మడవ మార్చి నీళ్లు కడుతున్నవాడు. కంబళి కప్పుకుని పక్క చేనికి కాపలా ఉన్న ముసలాయన. తెల్లవారుజామున చెంబు పట్టుకొచ్చినవాళ్లు. వీళ్లెవరూ లైటు వేసుకుని పాటలు పాడుకుంటూ రారు. అందుకే మొదటి పని పగలే ఉంటుంది. చుట్టూ ఉన్న చేల వాళ్లందరికీ ఏ రాత్రి, ఏ వేళ, ఎటువైపు కాల్పులుంటాయో మనిషి మనిషికీ చెప్పాలి. వాట్సాప్‌లో పెట్టేసి చెప్పాం అనుకోవద్దు. ఆ వారం త్రీఫేజు ఏ గంటల్లో వస్తుందో లైన్‌మ్యాన్‌ని అడగండి. ఆ గంటల్లో తుపాకీ మంచె మీద కూడా ఉండకూడదు.

ఇప్పుడు మీ టార్చి సంగతి. మన ఊళ్లలో బాగా నమ్మే గుర్తు ఒకటుంది: "కళ్లు మెరిశాయి, కొట్టెయ్." ఇది సగం తప్పు కాదు, పూర్తిగా తప్పు. ఆవు, మేక, కుక్క, నక్క, జింక, చిరుత, వీటి కంట్లో రెటీనా వెనక వెలుగును తిప్పికొట్టే పొర ఉంటుంది. టార్చి పడగానే పచ్చగానో పసుపుగానో మెరిసేది అదే. పందికి ఆ పొర లేదు. మనిషికీ లేదు. మహా అయితే మసక ఎరుపు కనిపిస్తుంది, అదీ ఇద్దరికీ ఒకేలా. అంటే కళ్లు జిగేల్మంటే అది పంది కాదు, ఎవరిదో దూడో కుక్కో. మెరవకపోతే పంది కావచ్చు, మనిషి కావచ్చు. టార్చి వెలుగులో మెరవని నల్లటి ఆకారం కనపడినప్పుడే ఎక్కువ భయపడాలి.

మరి దేన్ని గుర్తుగా తీసుకోవాలి? అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో ఈ ప్రశ్న చట్టం దాకా వెళ్లింది. 1988 నవంబరులో అక్కడి హెర్మన్ అనే ఊళ్లో ఒకామె తన ఇంటి పెరట్లో నిలబడి ఉండగా జింకల వేటకొచ్చినవాడు కాల్చి చంపాడు. ఆమె చేతులకు తెల్ల తొడుగులున్నాయి. ఆ ప్రాంతపు జింక తోక ఎత్తితే కింద తెల్లగా కనిపిస్తుంది. జ్యూరీ అతన్ని నిర్దోషిగా వదిలేసింది. ఆ తర్వాత ఆ రాష్ట్రం గురి గుర్తింపు మీద ప్రత్యేకంగా చట్టం చేసింది. అందులోని షరతులు ఇక్కడా అక్షరాలా పనికొస్తాయి: జంతువు తల, మొండెం రెండూ దాదాపు అడ్డం లేకుండా కనపడాలి. ఒక్క శబ్దాన్ని నమ్మి కాల్చకూడదు, ఒక్క ఆకారాన్ని నమ్మీ కాల్చకూడదు. గురికి ముందు ఏముందో, వెనక ఏముందో చూసుకోవాలి.

పందికైతే చూడాల్సినవి: పొడుగ్గా కిందికి వాలిన మూతి, దాని చివర చదునైన ముట్టె, మెడ నుంచి వీపు మీదుగా లేచిన జూలు, వెనక భాగం కన్నా బరువైన భుజాలు, పొట్టి కాళ్లు. గేదెదూడకి కాళ్లు పొడుగు, చెవులు పక్కలకి చాచి ఉంటాయి. ఊరపందులు వదిలేసే ఊరైతే అవీ చేలోకి వస్తాయి, వాటికి యజమాని ఉంటాడు. బండల గుట్టలకి దగ్గరైతే ఎలుగుబంటి కూడా నల్లగా, వంగి, మెల్లగానే నడుస్తుంది. వీపు ఒక్కటే కనపడిందా, చెనిక్కాయ చెట్ల మధ్య నల్లటి దిబ్బలా ఉందా, ఆగండి. పంది మేస్తూ ఎలాగూ కదులుతుంది, అరనిమిషంలో మూతి చూపిస్తుంది. అది వెళ్లిపోతే పోయింది. రేపూ వస్తుంది.

టార్చి మీ చేతిలో ఉందంటే గుర్తించే పని మీది కూడా, కాల్చేవాడిది ఒక్కడిదే కాదు. ఇది ముందే తేల్చుకోండి. తుపాకీకే లైటు బిగిస్తే వెలుగు వేసిన ప్రతిచోటికీ గొట్టం కూడా తిరుగుతుంది. తుపాకీ మీది స్కోపులోంచి వెతకడమూ అంతే. కాల్చడం నేర్పే రేంజిలో కొత్తవాళ్లకి ముందు మాన్పించే అలవాటు ఇదే. వెతకడానికి టార్చి, బైనాక్యులర్. కాల్చాలని తేలాకే తుపాకీ భుజానికి. మీరు కాల్చేవాడి పక్కనే, అతని భుజానికి కొంచెం వెనకగా ఉండండి, ఎప్పుడూ ముందుకి రాకూడదు. టార్చి ఎత్తుగా పట్టుకోండి. కిందుగా పట్టుకుంటే వెలుగు దగ్గరి మొక్కజొన్న ఆకుల మీద పడి తిరిగి మీ కళ్లలోకే కొడుతుంది, వెనక ఏముందో మాయమైపోతుంది. మంచు పడే రోజుల్లో అసలు వద్దు. చీకటికి కళ్లు అలవాటు పడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది, ఒక్కసారి ఫోను స్క్రీను చూస్తే మళ్లీ మొదటికి. మంచె మీద వెలుగు అవసరమైతే సన్నటి ఎర్ర లైటు వాడండి.

జంతువు కనపడగానే వెలుగు దాని మీదే ఆపేయొద్దు. ఎడమకి, కుడికి, వెనక్కి ఒకసారి తిప్పి మళ్లీ దాని మీదకి తేవాలి. తర్వాత గుసగుసగానైనా పైకి చెప్పాలి: "తల ఉంది. ఒళ్లు ఉంది. వెనక గట్టు ఉంది." మూడూ మీ నోట వచ్చాకే అతని వేలు ట్రిగ్గరు మీదకి, అప్పటిదాకా ట్రిగ్గరు చుట్టూ ఉండే గార్డు బయటే. "పందే అనుకుంటా" అన్నారంటే లేదు అని లెక్క. ఆయన పెద్దవాడు, వేటలో చేయి తిరిగినవాడు, నాకేం చెప్తావ్ అన్నాడా, టార్చి ఆర్పేసి దిగొచ్చేయండి. వెలుగు లేకపోతే కాల్చలేడు.

"థర్మల్ కెమెరా కొంటే సరిపోతుంది కదా" అని మీలాంటి సాఫ్ట్‌వేరువాళ్లు తప్పకుండా అడుగుతారు. థర్మల్‌లో కనపడేది వేడి, జంతువు కాదు. తెరమీద ఎంత వివరం ఉంటే ఏం పోల్చుకోగలమో చెప్పే జాన్సన్ లెక్క అని ఒకటుంది: అక్కడేదో ఉందని పసిగట్టడానికి దాని మీద ఒక జత గీతలంత (ఒకటి నలుపు, ఒకటి తెలుపు) వివరం చాలు. అదేమిటో కచ్చితంగా చెప్పడానికి 6.4 జతలు కావాలి. అదీ సగం సార్లు సరిగ్గా చెప్పడానికి మాత్రమే. పెట్టె మీద "600 మీటర్లు" అని రాసింది పసిగట్టే దూరమైతే, పోల్చుకోగలిగే దూరం 90 మీటర్ల చిల్లర. గడ్డి అడ్డం ఉంటే ఇంకా తక్కువ. అడ్డంగా నిలబడ్డ పందీ, మోకాళ్ల మీద వంగిన మనిషీ అక్కడ రెండు తెల్ల ముద్దలే. చేలో ఎవరైనా ఉన్నారా అని చూసుకోడానికి అది భేష్. కాల్చాలా వద్దా తేల్చడానికి కాదు.

గుర్తింపు సరిగ్గా ఉన్నా మనుషులు పోయే దారి ఇంకోటుంది: గురి తప్పిన గుండు, లేదా పందిని దాటిపోయిన గుండు. 12 బోరు తుపాకీలో పెద్ద గుండ్లుండే ఎల్‌జీ తూటా 35, 40 మీటర్లు దాటితే పందికి నమ్మకమైన దెబ్బ కాదు. కానీ దాని గుండ్లు 600 మీటర్ల పైచిలుకు ఎగరగలవు. .22 రైఫిల్ తూటా 2 కిలోమీటర్లు దాటుతుంది. .315 రైఫిల్ గుండు పక్క ఊరికి పోతుంది. అందుకే మంచె. తుపాకీ 4 మీటర్ల ఎత్తులో ఉండి 30 మీటర్ల దూరంలో నేలకి అర మీటరు పైన గురిపెడితే, తప్పిన గుండు ఇంకో 4 మీటర్లలోనే భూమిలో దిగుతుంది. నేలమీద నిలబడి కాలిస్తే దాదాపు 17 మీటర్లు పోయి తగులుతుంది. గట్టు మీద కూర్చుని కాలిస్తే 50 మీటర్లు. అంత ఏటవాలుగా తగిలిన గుండు దిగదు, జారి లేస్తుంది. మీ వైపు నేల సంగతి మీకు తెలుసు, ఎక్కడ చూసినా బండలే. బండ మీద, నీళ్ల మీద పడ్డ గుండు ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు. వెనక మెత్తటి మట్టి ఉండాలి. గట్టు పైన ఆకాశం తప్ప ఏమీ కనపడకపోతే ఆ వైపు కాల్పు లేదు.

పక్కవాళ్లకి తగిలే దెబ్బ వేరే రకం. 2006 ఫిబ్రవరి 11న టెక్సాస్‌లో అప్పటి అమెరికా ఉపాధ్యక్షుడు డిక్ చెనీ కౌజుపిట్టల వేటలో తోటి వేటగాణ్ని, 78 ఏళ్ల లాయరుని, కాల్చాడు. ఆయన ఆరెంజి జాకెట్టే వేసుకున్నాడు. పడిన పిట్టని తెచ్చుకోడానికి వెనకపడి, మళ్లీ వరసలోకి వచ్చిన సంగతి చెనీకి తెలియదు. ఎగిరిన పిట్ట వెంట తుపాకీ తిప్పుతూ తిప్పుతూ వాలుతున్న సూర్యుడి వైపు కాల్చేశాడు. ముఖం, మెడ, ఛాతీ నిండా గుండ్లు దిగినా ఆయన బతికాడు. ఇద్దరు ముగ్గురు తుపాకులతో వస్తే ఒక్కొక్కరికీ హద్దు పగలే పాతాలి. ఫ్రాన్సులో దీనికో సులువైన పద్ధతుంది: పక్కవాడి వైపు 5 అంగలు నడిచి, అక్కడినుంచి ముందుకి 3 అంగలు వేసి కర్ర పాతుతారు. మీ చోటు నుంచి ఆ కర్రకి గీసిన గీత పక్కవాడి వరసతో దాదాపు 30 డిగ్రీలు చేస్తుంది. ఆ గీతకీ పక్కవాడికీ మధ్య తుపాకీ రాకూడదు. రెండో వైపు కూడా అంతే. మీ చేని విషయంలో నా సలహా ఇంకా తేలిక: ఒకే తుపాకీ, ఒకే మంచె.

ఆరెంజి జాకెట్టు రాత్రి పనికిరాదు, పగటి వెలుగులోనే అది వెలిగేది. కావాల్సింది రోడ్డు పనివాళ్ల జాకెట్టు మీద ఉండే వెండిరంగు పట్టీ. 5 సెంటీమీటర్ల వెడల్పున్నది, ఛాతీ చుట్టూ, వీపు మీదా వచ్చేలా. టార్చి ఎటునుంచి పడినా అటే తిరిగి మెరుస్తుంది. పక్క చేల వాళ్లకి కూడా తలా ఒకటి కొనివ్వండి, తూటాల ఖర్చు ముందు అదెంత.

తుపాకీ ఎవరిదైనా మంచె ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు ఖాళీగా ఉండాలి. ముందు మనిషి ఎక్కి, తర్వాత తాడుతో తుపాకీ లాక్కోవాలి, గొట్టం కిందికి ఉండేలా. పాత రెండు గొట్టాల డీబీబీఎల్‌లలో సేఫ్టీ చాలావాటికి ట్రిగ్గర్లనే ఆపుతుంది, లోపలి సుత్తిని కాదు. కిందపడితే పేలొచ్చు. ట్రిగ్గరు నొక్కినా పేలలేదంటే గొట్టం అటే ఉంచి కనీసం 30 సెకన్లు ఆగాలి, ఆలస్యంగా పేలే తూటాలుంటాయి. ఇక నాటు తుపాకీతో ఎవరైనా వస్తానంటే ఆ రాత్రి మీరు బెంగళూరులోనే ఉండండి. దానికి గురీ లేదు, సేఫ్టీ లేదు, గుండ్లు ఎంత చెదురుతాయో చేసినవాడికే తెలియదు.

కాగితాల మాట క్లుప్తంగా. అడవిపంది వన్యప్రాణి చట్టం రెండో షెడ్యూల్లో ఉంది. పంట కోసం చంపాలన్నా 11వ సెక్షను కింద కారణాలు రాసిన లిఖిత ఉత్తర్వు కావాలి. ఎవరు కాల్చాలో, ఎక్కడో, ఎన్నాళ్లో చదివి చూసుకోండి, సాయానికి వెళ్లే మీ పేరూ రాయించండి. కొడగు వాళ్లకి లైసెన్సు అక్కర్లేదు కదా అని కొందరంటారు. ఆ మినహాయింపు తుపాకీ ఉంచుకోడానికే, వేటకి కాదు. చంపిన పంది ప్రభుత్వ ఆస్తి, కూరకి కోస్తే అది వేరే కేసు. మనిషికి తగిలి ప్రాణం పోతే "పంది అనుకున్నా" అన్నది రక్షణ కాదు. భారతీయ న్యాయ సంహిత 106 కింద 5 ఏళ్ల దాకా జైలు. ప్రాణం పోకపోయినా, నిర్లక్ష్యంగా కాల్చి జనాన్ని ప్రమాదంలో పెట్టినందుకు ఆయుధ చట్టం కింద 2 ఏళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ.

దెబ్బ తగిలిన పంది పొదలోకి పోతే రాత్రి వెంటపడొద్దు. నిండు తుపాకీతో చీకట్లో పరుగెత్తేవాడు తన వాళ్లనే కాలుస్తాడు. అటవీ సిబ్బందికి ఫోను చేసి చెప్పి, వెలుగొచ్చాక వాళ్లతో కలిసి వెతకండి.

మనిషికి తగిలితే ముందు తుపాకీ ఖాళీ చేసి పక్కన పెట్టించండి, తర్వాత 108. శుభ్రమైన గుడ్డ గాయం మీద పెట్టి రెండు చేతులా బలంగా నొక్కి పట్టండి, తీసి తీసి చూడొద్దు. గుండ్లు కెలకొద్దు. చేతికో కాలికో రక్తం ఆగకుండా కొడుతుంటే గాయానికి పైన, కీలు మీద కాకుండా, 4, 5 సెంటీమీటర్ల వెడల్పు గుడ్డతో కర్ర పెట్టి మెలితిప్పి బిగించి, టైము రాసి పెట్టండి. తాగడానికి ఏమీ ఇవ్వొద్దు. బెంగళూరు 70 కిలోమీటర్ల పైనే కాబట్టి, రాత్రిపూట సర్జన్ ఉండే దగ్గరి ఆసుపత్రి ఏదో పగలే కనుక్కుని నంబరు రాసుకోండి. పోలీసులొచ్చేదాకా ముట్టుకోం అని ఎవరైనా అంటే, 1989లో పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు ముందు వైద్యం, తర్వాతే లాంఛనాలు అని తేల్చేసిందని చెప్పండి.